మామునూరు నుంచి శంషాబాద్ ఎంత దూరం, ఎంతసేపు? దగ్గరి ఎయిర్‌పోర్టుల మధ్య లెక్క మీరే కట్టుకోవడం ఎలా

మామునూరు ఎయిర్‌పోర్టు మాట వచ్చినప్పుడల్లా వరంగల్, హన్మకొండ వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. శంషాబాద్‌కు ఎంత దూరం, ఎంతసేపట్లో పోవచ్చు? జవాబులు మాత్రం నలుగురు నాలుగు చెప్తారు. ఒకరు 131 కిలోమీటర్లంటారు, ఒకరు 134, ఒకరు 145, ఇంకొకరు 170 పైనే అంటారు. సమయం సంగతి చెప్పనే అక్కర్లేదు, పదకొండు నిమిషాల నుంచి గంట దాకా ఎక్కడైనా తేలుతుంది. ఇందులో ఎవరూ ఊరికే అనడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో రెండు చుక్కల మధ్య కొలిచారు, అంతే. మీకు కావాల్సింది ఏదో తెలిస్తే పది నిమిషాల్లో, మామూలు క్యాలిక్యులేటర్‌తో లెక్క తేలిపోతుంది. ఇదే లెక్క బసంత్‌నగర్‌కు, గన్నవరానికి, నాందేడ్‌కు, నాగ్‌పూర్‌కు కూడా పనికొస్తుంది.

కావాల్సినవి

- రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ, రేఖాంశాలు. దశాంశం తర్వాత కనీసం మూడు అంకెలుండాలి.
- వర్గమూలం గుర్తున్న క్యాలిక్యులేటర్. ఫోన్‌లోదాన్ని అడ్డంగా తిప్పితే ఆ గుర్తు బయటపడుతుంది.
- సరిచూసుకోవడానికి గూగుల్ మ్యాప్స్ గానీ గూగుల్ ఎర్త్ గానీ.
- ఏ రకం విమానం నడుస్తుందో ఒక అంచనా. దూరానికి ఇది అక్కర్లేదు, సమయానికి తప్పదు.
- కాగితం, పెన్ను. అంకెలు ఒకదాని కింద ఒకటి రాసుకోకపోతే ఎక్కడో ఒకచోట తారుమారు కావడం ఖాయం.

1. ఏ చుక్క నుంచి ఏ చుక్కకో ముందు తేల్చుకోండి

సగం తప్పులు ఇక్కడే పుడతాయి. "వరంగల్ నుంచి హైదరాబాద్" అని కొడితే మ్యాప్ ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు కొలుస్తుంది. దాదాపు 134 కిలోమీటర్లు వస్తుంది. కానీ విమానం వరంగల్ చౌరస్తాలో ఎగరదు, అబిడ్స్‌లో దిగదు. మామునూరు ఖమ్మం రోడ్డులో ఉంది, శంషాబాద్ ఏమో హైదరాబాద్‌కు దక్షిణాన ఉంది. కొలవాల్సింది ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు.

హైదరాబాద్ విషయంలో ఇంకో చిక్కుంది. ఇక్కడ ఎయిర్‌పోర్టులు రెండు, బేగంపేట ఒకటి, శంషాబాద్ ఒకటి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పుడు హెచ్‌వైడీ అనే మూడక్షరాల కోడ్ బేగంపేట నుంచి అక్కడికి మారింది. బేగంపేటకు బీపీఎం వచ్చింది. పాత పట్టికల్లో హెచ్‌వైడీ పక్కన ఇప్పటికీ బేగంపేట అంకెలే కనిపిస్తాయి. వాటితో లెక్కగడితే మామునూరు దూరం 131 వస్తుంది. శంషాబాద్‌కైతే 145. ఒక్క పాత పట్టిక పుణ్యమా అని 14 కిలోమీటర్లు మాయం!

పేరుతో వెతికేవాళ్లకు హెచ్చరిక: పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో ఇంకో హైదరాబాద్ ఉంది. దాని కోడ్ హెచ్‌డీడీ. అక్షాంశం 25తో మొదలైతే మీరు అక్కడికి వెళ్లిపోయినట్టే. మన శంషాబాద్ 17తో మొదలవ్వాలి. వీలైతే నాలుగక్షరాల కోడ్‌తో వెతకండి, అందులో గందరగోళం తక్కువ. శంషాబాద్ వీఓహెచ్‌ఎస్, బేగంపేట వీఓహెచ్‌వై, గన్నవరం వీఓబీజెడ్.

2. అక్షాంశ, రేఖాంశాలు తీసుకోండి

భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ప్రచురించే ఏఐపీ (విమానయాన సమాచారపు అధికారిక సంపుటి) అన్నిటికన్నా నమ్మకమైనది. అందులో ప్రతి ఎయిర్‌పోర్టుకు "ఏరోడ్రోమ్ రిఫరెన్స్ పాయింట్" అని ఒకే చుక్క ఇస్తారు. అది తెరవడం కష్టమనిపిస్తే గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి, రన్‌వే నడుమ వేలు గట్టిగా నొక్కి పట్టండి. పిన్ పడగానే అంకెలు కనిపిస్తాయి. ఎయిర్‌పోర్టు పేరు మీద ఉన్న పిన్ మాత్రం వాడకండి. అది ఒక్కోసారి టెర్మినల్ మీద, ఒక్కోసారి మెయిన్ గేటు దగ్గర పడి ఉంటుంది. శంషాబాద్ అంత పెద్ద జాగాలో అదే ఒకటి రెండు కిలోమీటర్ల తేడా తెస్తుంది.

ఈ వ్యాసంలో వాడే అంకెలివి. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం:

- మామునూరు: 17.9144, 79.6022
- శంషాబాద్: 17.2403, 78.4294
- బేగంపేట: 17.4531, 78.4676
- బసంత్‌నగర్ (రామగుండం): 18.701, 79.392
- గన్నవరం (విజయవాడ): 16.5304, 80.7968
- నాందేడ్: 19.1833, 77.3167
- నాగ్‌పూర్: 21.0922, 79.0472

వరుస తప్పకండి. కొన్ని మ్యాప్ ఫైళ్లు రేఖాంశాన్ని ముందు రాస్తాయి. మామునూరును 79.6, 17.9 అని తిప్పి కొడితే పిన్ ఉత్తర ధ్రువం దాపున ఉన్న స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో పడుతుంది. ఆ తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి దానితో పెద్ద ప్రమాదం లేదు. కనిపించని తప్పు తర్వాతి మెట్టులో ఉంది.

3. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లను దశాంశంలోకి మార్చండి

ఏఐపీలో అంకెలు 17°54′52″ లాగా ఉంటాయి. దీన్ని 17.5452 అని గానీ 17.54 అని గానీ రాసుకోకూడదు. గంటకు అరవై నిమిషాలున్నట్టే డిగ్రీకీ అరవై నిమిషాలు. గంటన్నరను మనం 1.30 అని రాసినా లెక్కలో అది 1.5 కదా, ఇదీ అంతే.

మార్చే పద్ధతి: సెకన్లను 60తో భాగించండి, వచ్చినదాన్ని నిమిషాలకు కలపండి, మళ్లీ 60తో భాగించండి, డిగ్రీలకు కలపండి.

మామునూరు అక్షాంశం 17°54′52″. 52ను 60తో భాగిస్తే 0.867. 54 కలిపితే 54.867. మళ్లీ 60తో భాగిస్తే 0.9144. అంటే 17.9144.

ఇది చేయకుండా నిమిషాలనే దశాంశాలనుకుంటే ఏమవుతుందో చూడండి. మామునూరు 17°54′, 79°36′. శంషాబాద్ 17°14′, 78°25′. వీటిని 17.54, 79.36, 17.14, 78.25 అని వేస్తే దూరం 126 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం కన్నా 19 తక్కువ. 126 అనేది నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంటర్నెట్‌లో తిరిగే తప్పు దూరాల్లో ఈ బాపతువి చాలానే ఉంటాయి.

గుర్తుపట్టడానికి ఒక చిట్కా. మీ దగ్గరున్న నాలుగు అంకెల్లో ఏ ఒక్కదానిలోనూ చుక్క తర్వాతి రెండంకెలు 60 దాటకపోతే ఒకసారి అనుమానించండి. అవి దశాంశాలు కాకుండా నిమిషాలై ఉండొచ్చు.

4. తీసివేయండి, గుణించండి, వర్గమూలం కట్టండి

ప్రపంచ పటం మీద దూరాలకు వాడే పెద్ద సూత్రం మనకు అక్కర్లేదు. నాలుగైదు వందల కిలోమీటర్ల లోపు భూమిని బల్లపరుపుగా అనుకున్నా తేడా కిలోమీటరు అటూఇటూ. గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే అంకెలు:

అక్షాంశంలో ఒక డిగ్రీ = 111 కి.మీ.
రేఖాంశంలో ఒక డిగ్రీ = 106 కి.మీ. (వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ ప్రాంతంలో)

రెండోది ఎందుకు తక్కువంటే, రేఖాంశ గీతలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. విజయవాడ వైపు 106.5 తీసుకోండి, నాందేడ్ వైపు 105.8, నాగ్‌పూర్ దాకా పోతే 105. రెండింటికీ 111 వాడటం అందరూ చేసే పొరపాటు. మామునూరు–శంషాబాద్‌కు అలా చేస్తే 150 వస్తుంది. ఈ అంకె దగ్గర తప్పు చేస్తే మాటే మారిపోతుంది, ఎందుకో కింద చెప్తాను.

ఇక లెక్క:

అక్షాంశాల తేడా: 17.9144 − 17.2403 = 0.6741. దీన్ని 111తో గుణిస్తే 74.8.
రేఖాంశాల తేడా: 79.6022 − 78.4294 = 1.1728. దీన్ని 106తో గుణిస్తే 124.3.
వర్గాలు: 74.8 × 74.8 = 5,595. 124.3 × 124.3 = 15,450.
కూడితే 21,045. వర్గమూలం 145.

మామునూరు నుంచి శంషాబాద్‌కు గగనతల దూరం 145 కిలోమీటర్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టును నడిపే సంస్థతో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు ఉండేది. మామునూరుకు ఇన్నాళ్లూ అడ్డం పడింది అదే. ఆ నిర్వహణ సంస్థ అభ్యంతరం లేదన్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. 145 అయితే గీతకు లోపల, 150 అయితే గీత మీదే. అందుకే రెండు వైపులా 111 వేసి "సరిగ్గా 150 ఉందిగా" అని వాదించేవాళ్ల లెక్క నిలవదు.

ఇదే పద్ధతిలో మిగతావి: బసంత్‌నగర్–శంషాబాద్ 192, మామునూరు–గన్నవరం 199, శంషాబాద్–నాందేడ్ 246, శంషాబాద్–గన్నవరం 264. ఒకటి రెండు మీరే కట్టి చూడండి. కిలోమీటరు, కిలోమీటరున్నర తేడా వస్తే పర్వాలేదు. అయిదు దాటితే ఎక్కడో తప్పింది.

లెక్కలంటే పడనివాళ్లకు వేరే దారి ఉంది. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, రన్‌వే మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకోండి. తర్వాత రెండో రన్‌వే మీద క్లిక్ చేయండి. ఫోన్‌లో అయితే పిన్ వేసి, కింది పట్టీని పైకి లాగితే అదే ఆప్షన్ ఉంటుంది. దారి చూపే బాణం గుర్తు నొక్కితే మాత్రం రోడ్డు దూరం వస్తుంది, జాగ్రత్త.

5. యూనిట్ ఏదో రాసి పెట్టుకోండి

విమానాల వాళ్లు దూరాన్ని నాటికల్ మైళ్లలో, వేగాన్ని నాట్లలో (అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని) చెప్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609. మన 145 కిలోమీటర్లు 78 నాటికల్ మైళ్లు, లేదా 90 మామూలు మైళ్లు. ఒకే దూరానికి మూడు అంకెలు. పక్కన యూనిట్ లేని "78" చూసి "అబ్బో, హైదరాబాద్ 78 కిలోమీటర్లేనట" అనుకోవద్దు.

6. గాల్లో ఎంతసేపు ఉంటుందో చూడండి

దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని బడిలో నేర్చుకున్నాం. కానీ దగ్గరి ఎయిర్‌పోర్టుల మధ్య ఆ లెక్క పూర్తిగా బోల్తా కొడుతుంది. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందని 145ను దానితో భాగిస్తే పదకొండు నిమిషాలు. కొన్ని వెబ్‌సైట్లు చూపించే "పదకొండు నిమిషాలు" ఇదే. అలాంటి ప్రయాణం ఉండదు.

ఎందుకుండదో మామునూరు దారినే విప్పి చూద్దాం. ఇలాంటి చిన్న దూరాలకు సరిపోయేది ఏటీఆర్-72, రెండు రెక్కల మీద పంకాలున్న డెబ్బై సీట్ల విమానం. పైన సాఫీగా పోయేటప్పుడు దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మామునూరు నేల సముద్రమట్టానికి 935 అడుగుల ఎత్తు, శంషాబాద్ 2,024 అడుగులు. విమానం 12,000 అడుగులకు ఎక్కిందనుకుందాం. నిమిషానికి 1,200 అడుగుల చొప్పున ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు కావాలి. ఆలోగా 50 కిలోమీటర్లు గడిచిపోతాయి. దిగడానికి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు అని పైలట్ల లెక్క. 10,000 అడుగులు దిగాలంటే 55 కిలోమీటర్లు, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది పన్నెండు.

50, 67 కలిపితే 117. మొత్తం 145లో సాఫీగా పోయేది 28 కిలోమీటర్లే. అంటే మూడు నాలుగు నిమిషాలు. ఎక్కడం, దిగడంలోనే దారి అయిపోతుంది కాబట్టి జెట్ పెట్టినా ఒరిగేదేం లేదు. టీ ఇవ్వడానికి కూడా టైం ఉండదు.

దీనికి రన్‌వే దిశ కూడా కలుస్తుంది. మామునూరు నుంచి శంషాబాద్ నైరుతి వైపు, దిక్సూచి మీద దాదాపు 239 డిగ్రీలు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం మామూలుగా గాలికి ఎదురుగా దిగుతుంది. వానాకాలంలో పడమటి గాలి ఉంటుంది కాబట్టి పడమరకు ముఖం పెట్టి దిగుతారు. మామునూరు నుంచి వచ్చే విమానానికి అది కలిసొచ్చే దారి, వచ్చింది వచ్చినట్టు దిగిపోవచ్చు. చలికాలంలో తూర్పు గాలి వీచే రోజుల్లో ఎయిర్‌పోర్టు దాటి పడమరకు పోయి, వెనక్కి తిరిగి దిగాలి. దానికే ఆరేడు నిమిషాలు అదనం. ఒకే దారిలో ఒకే విమానానికి రెండు రోజుల్లో రెండు సమయాలు వస్తే కారణం చాలావరకు ఇదే. అందరూ ముందు అనుమానించే ఎదురుగాలి వల్ల ఇంత దగ్గరి దారిలో వచ్చే తేడా రెండు మూడు నిమిషాలే.

అన్నీ కలిపితే చక్రాలు నేల విడిచింది మొదలు తిరిగి నేల తాకేదాకా 25 నుంచి 33 నిమిషాలు.

7. టికెట్ మీద ఉండే సమయం లెక్కించండి

టైమ్‌టేబుల్‌లో రాసేది గాల్లో ఉన్న సమయం కాదు. విమానం నిలుపు చోటు నుంచి కదిలింది మొదలు అవతల నిలుపు చోటులో ఆగేదాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. అంచనాకు ఈ సూత్రం సరిపోతుంది:

దూరాన్ని 1.1తో గుణించండి, ఎందుకంటే విమానం తాడు లాగినట్టు సూటిగా పోదు. దాన్ని గంట వేగంతో భాగించి, 60తో గుణించండి. ఏటీఆర్ అయితే 25 నిమిషాలు, జెట్ అయితే 30 నిమిషాలు కలపండి. వేగం ఏటీఆర్‌కు 500, ఎయిర్‌బస్ ఏ320కు 830 వేసుకోండి.

మామునూరు–శంషాబాద్, ఏటీఆర్: 145 × 1.1 = 160. 500తో భాగించి 60తో గుణిస్తే 19. మరో 25 కలిపితే 44 నిమిషాలు.
అదే దారి, జెట్: దాదాపు 12 + 30 = 42 నిమిషాలు.
మామునూరు–గన్నవరం, ఏటీఆర్: 26 + 25 = 51 నిమిషాలు.
శంషాబాద్–గన్నవరం, ఏటీఆర్: 35 + 25 = గంట.

మామునూరు నుంచి శంషాబాద్ కన్నా గన్నవరం 54 కిలోమీటర్లు ఎక్కువ దూరం. సమయంలో తేడా మాత్రం ఏడు నిమిషాలే. దగ్గరి దారుల్లో దూరం ఎంత పెరిగినా గడియారం అంత కదలదు.

ఈ అంకె మీద విమాన సంస్థలు ఇంకో అయిదు పది నిమిషాలు చేర్చి టైమ్‌టేబుల్ వేస్తాయి. శంషాబాద్‌లో దిగే వరుసలో ఆగాల్సి రావచ్చు, డిసెంబరు, జనవరి పొద్దున పొగమంచు పట్టొచ్చు. చెప్పిన టైం దాటాక 15 నిమిషాల లోపు చేరితే అది ఆలస్యం కింద లెక్కకు రాదు. కాబట్టి మన 44 నిమిషాలు టికెట్ మీద 50, 55 అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

8. ఇంటి గుమ్మం నుంచి లెక్కగట్టండి

అసలు అడగాల్సిన ప్రశ్న ఇది, అడిగేవాళ్లు తక్కువ. దేశంలోపలి విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. కనీసం గంటంబావు ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. అప్పుడు హన్మకొండ నుంచి లెక్క ఇలా పడుతుంది:

- ఇంటి నుంచి మామునూరు: 25–30 నిమిషాలు
- ఎయిర్‌పోర్టులో ముందుగా: 75 నిమిషాలు
- విమానం: 50 నిమిషాలు
- దిగి, సామాను తీసుకుని బయటికి: 25 నిమిషాలు

మొత్తం దాదాపు మూడు గంటలు. హన్మకొండ నుంచి జాతీయ రహదారి 163 మీద ఘట్‌కేసర్ దాకా వచ్చి, ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి కారుకు పట్టేదీ ఇంచుమించు అంతే. కాబట్టి హైదరాబాద్‌లో పని చూసుకుని వచ్చేవాళ్లకు విమానంతో టైం ఆదా కాదు. శంషాబాద్‌లో ఇంకో విమానం పట్టుకునేవాళ్ల సంగతి వేరు. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉంటే సామాను మామునూరులోనే అప్పజెప్పేయొచ్చు. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ సౌకర్యం పోతుంది, మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి పూచీ ఎవరూ పడరు.

నేరుగా విమానం లేని ఊళ్లకు గగనతల దూరం చూసి మోసపోకండి. మామునూరు–నాగ్‌పూర్ 358 కిలోమీటర్లే. కానీ శంషాబాద్‌లో మారి పోవాల్సి వస్తే ముందు దక్షిణానికి పోయి మళ్లీ ఉత్తరానికి రావాలి. రెండు బ్లాక్ టైమ్‌లు, మధ్యలో ఎదురుచూపు కలిపి లెక్కించాలి. కాజీపేటలో రైలెక్కితే ఆ తిప్పట ఉండదు.

వచ్చిన జవాబు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

రోడ్డుతో పోల్చండి. మన వైపు రోడ్డు దూరం గగనతల దూరానికి 1.1 నుంచి 1.35 రెట్లు ఉంటుంది. రోడ్డు కన్నా గగనతల దూరం ఎక్కువ వచ్చిందంటే తప్పు ఖాయం. ఇక్కడ వరంగల్ వాళ్లను తికమక పెట్టే విషయం ఒకటుంది. హన్మకొండ–హైదరాబాద్ రోడ్డు దూరం కూడా 145 చిల్లరే. దాన్ని చూసి "రోడ్డూ విమానమూ ఒకటే దూరమా?" అంటారు. కాదు, ఆ రోడ్డు శంషాబాద్ దాకా పోదు. మామునూరు నుంచి శంషాబాద్‌కు రోడ్డున పోతే 170 పైనే. అంకెలు కలవడం ఒట్టి కాకతాళీయం.

త్రిభుజం వేయండి. మూడో ఎయిర్‌పోర్టును తీసుకుని మూడు దూరాలూ కట్టండి. ఏ రెండు కలిపినా మూడోదాని కన్నా ఎక్కువ రావాలి. మామునూరు–శంషాబాద్ 145, మామునూరు–గన్నవరం 199, శంషాబాద్–గన్నవరం 264. 145, 199 కలిపితే 344, అది 264 కన్నా ఎక్కువ. సరిపోయింది. కలిపింది తక్కువ వస్తే మూడింటిలో ఒకదాని అంకె తప్పు.

తెలిసిన దారి మీద సూత్రాన్ని పరీక్షించండి. శంషాబాద్–గన్నవరం విమానాలు రోజూ తిరుగుతున్నాయి. టైమ్‌టేబుల్‌లో గంట నుంచి గంటా పది నిమిషాల మధ్య కనిపిస్తాయి. మీ సూత్రం ఆ దారికి గంట దగ్గర ఇస్తే మామునూరు లెక్కనూ నమ్మొచ్చు. ముప్పై అయిదు నిమిషాలిస్తే ఆ 25 నిమిషాలు కలపడం మరిచిపోయారు.

విమానాల కదలికలు చూపే ఫ్లైట్‌రాడార్24 లాంటి వెబ్‌సైట్లలో అసలు ప్రయాణాలు చూడండి. ఒక్క రోజు చూసి తేల్చేయకండి, కనీసం అయిదారు రోజులవి తీసుకుని మధ్యస్థంగా ఉన్నదాన్ని పట్టుకోండి. రెండు విషయాలు గమనించాలి. అక్కడ చూపే ప్రయాణ సమయం ఎక్కువగా గాల్లో ఉన్నదే, టికెట్ మీది టైం కన్నా పది పదిహేను నిమిషాలు తక్కువ ఉంటుంది. ఇక గంటలు యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఉంటే అయిదున్నర కలిపితేనే మన టైం. బయల్దేరింది ఒక గడియారంలో, చేరింది ఇంకో గడియారంలో రాసుకుని తీసివేస్తే గన్నవరానికి ఆరున్నర గంటల ప్రయాణం తేలుతుంది.

హెలికాప్టర్‌కు ఇదే లెక్క కావాలంటే

మేడారం జాతర వచ్చిందంటే ఈ ప్రశ్న కూడా వస్తుంది. దూరం కట్టే పద్ధతి మారదు. హన్మకొండ నుంచి మేడారం గగనతల దూరం 80 కిలోమీటర్ల చుట్టుపక్కల. మారేది సమయం సూత్రమే. హెలికాప్టర్ వేగం గంటకు 220 వేసుకోండి. రన్‌వే లేదు, పన్నెండు వేల అడుగులు ఎక్కే పనీ లేదు కాబట్టి 25 నిమిషాల బదులు అయిదు కలిపితే చాలు. 80ని 220తో భాగించి 60తో గుణిస్తే 22, అయిదు కలిపితే 27 నిమిషాలు. జాతర రోజుల్లో హెలిప్యాడ్ మీద వంతు కోసం ఎదురుచూసే సమయం ఇందులో లేదు. దాన్ని మీరు విడిగా వేసుకోవాలి, అది ఒక్కోసారి ప్రయాణం కన్నా ఎక్కువే ఉంటుంది.